యూరప్‌లో ఓడి వచ్చిన కోచ్, తాగని కాఫీ

కాళ్లు పిసికే ఉద్యోగం

ఫిజియోథెరపీ చదువుకుని ఒమన్‌కు వచ్చే పిల్లలు అప్పుడప్పుడు రూవిలో మా అమ్మాయి ఇంటికి వచ్చి నన్ను చూసి పోతుంటారు. రిటైరయ్యాక నేను ఉంటున్నది అక్కడే. అందరూ అడిగేది ఒకటే, ఫుట్‌బాల్ క్లబ్‌లో పని ఎలా ఉంటుంది అంకుల్ అని. ఒక టీ తాగేలోపు తేలే ప్రశ్న కాదది. నేను గొంతు సవరించుకోగానే వంటింట్లోంచి మా అమ్మాయి, "అబ్బా, పాపం వాళ్లకు బస్సుంది, వదిలిపెట్టు" అంటుంది. అందుకని రాసి పెడుతున్నాను. ఇక బస్సులోనే కూర్చుని చదువుకోండి.

జీతమెంత, ప్రమోషన్ ఎప్పుడు, వీసా రెన్యువల్‌కు ఏ కాగితాలు కావాలి, ఇవేవీ ఇందులో ఉండవు. అవి కావాలంటే రూవిలో ఏ టీ దుకాణం ముందు నిలబడినా చాలు, అడక్కపోయినా చెబుతారు.

నా పేరు ఖాదర్. మాది కడప. బాతినా తీరంలో సహం దాటి కొంత దూరం పోయాక ఒక చిన్న ఊరి క్లబ్‌లో పనిచేశాను. క్లబ్ పేరు రాయను. వాళ్లకు తెలుగు రాదు, నిజమే. కానీ చదివి వినిపించే పుణ్యాత్ములు ఎక్కడైనా ఉంటారు. మా వాళ్లలో నా ఉద్యోగం ఏమిటో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక పెళ్లిలో మా మామ నన్ను పదిమంది ముందుకు లాక్కెళ్లి, "మా ఖాదర్ ఒమన్‌లో ఆటగాళ్ల కాళ్లు పిసుకుతాడు" అని పరిచయం చేశాడు. ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు. కాలేజీలో నేర్పింది చాలా ఉంది, జీతం ఇచ్చింది మాత్రం పిసికినందుకే.

టీవీలో చూసే క్లబ్బులను మనసులోంచి తీసేయండి. మా ఆటగాళ్లకు ఆట రెండో పని. ఒకడు పోలీసు, ఒకడు ఫైర్ స్టేషన్‌లో, ఒకడు ఓడరేవులో. ముగ్గురు మా క్లబ్ ఉపాధ్యక్షుడి సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో. డ్యూటీ దిగి, పొద్దు గుంకాక మగ్రిబ్ నమాజు చేసుకుని, కారులో ఏదో కొరుక్కుంటూ ప్రాక్టీస్‌కు వచ్చేవాళ్లు. నా బల్ల మీద బోర్లా పడుకోబెట్టి నడుం మీద చెయ్యి వేస్తే చాలు, గురక. నొప్పి ఎక్కడుందిరా నాయనా అని అడిగితే గురకే జవాబు. చాలామందికి నేను చేసిన వైద్యం, లేపకుండా ఉండటం.

నాయనమ్మతో పెట్టుకోవద్దు

మా గోల్‌కీపర్ బదర్. చెట్టంత మనిషి, చంటిపిల్లాడి మనసు. ఒకసారి తొడ కండరం పట్టేసింది. పది రోజులు మంచం దిగొద్దని చెప్పి, ఐస్ పెట్టి, కట్టు కట్టి పంపాను. రెండో రోజు చూస్తే తొడ మీద ఎర్రగా కాల్చిన మచ్చ. వాళ్ల నాయనమ్మ ఇనప కడ్డీ కాల్చి వాత పెట్టిందట. నాకు తిక్క రేగింది. మా కడప వైపు పసిపిల్లలకు వాతలు పెట్టే ముసలమ్మలను చూసి పెరిగినవాణ్ని కాబట్టి కోపం ఇంకాస్త ఎక్కువే వచ్చింది. "ఈ మొరటు పని చేసిందెవరో నా ముందుకు రమ్మను" అని అరిచాను.

వచ్చింది. మర్నాడు సాయంత్రం చేతికర్రతో, ముఖానికి నల్లటి ముసుగుతో, నిజంగానే వచ్చింది. నా కుర్చీలో కూర్చుంది.

"నువ్వు పిల్లాడికి ఏం చెప్పావు?" అంది.

"పది రోజులు కదలొద్దన్నాను అమ్మా."

"కదలకుండా ఉన్నాడా?"

"లేడు. ఆ రాత్రే బీచ్‌లో బంతి ఆడాడట."

"నేనూ పది రోజులు కదలొద్దనే చెప్పాను. కదిలితే ఇంకో వాత పెడతానన్నాను. ఇప్పుడు మంచం మీదే ఉన్నాడు. నీ వైద్యం మంచిదే, కానీ నీ మాట ఎవడు వింటాడు?"

ఆ తర్వాత నుంచి ఏ ఆటగాడికి ఏ జాగ్రత్త చెప్పాలన్నా ముందు వాళ్లింట్లో పెద్దావిడకు ఫోన్ చేసేవాణ్ని, వాతలు పెట్టనని మాట తీసుకుని మరీ. మీరు ఎంత చదువుకున్నా, కాలు నయం చేసేది మీరే అయినా, ఆ కాలును ఇంట్లో కూర్చోబెట్టేది వేరేవాళ్లు. వాళ్లెవరో మొదటి వారంలోనే కనుక్కోండి.

కోచ్ జోరాన్, మామిడికాయ తొక్కు

నా కాలంలో చాలామంది కోచ్‌లు వచ్చారు, పోయారు. వచ్చేటప్పుడు ప్రతివాడికీ పూలదండ, ఫోటో. పోయేటప్పుడు సామాను కారులోకి ఎత్తడానికి నేనూ, మా రాజలింగమూ. ఫిజియోకు కోచ్‌తో బంధం ఎలాంటిదంటే, ఆయన పోతే మనమూ పోతాం. కొత్త కోచ్ సొంత ఫిజియోను వెంటబెట్టుకుని వస్తాడు. కాబట్టి కోచ్‌ను తీసేయాలా వద్దా అని పెద్దలు మాట్లాడుకుంటున్నారంటే, ఆ మాటల్లో నా పేరు లేకపోయినా నా పెట్టె సర్దుకోవడం మాత్రం ఉంటుంది.

రాజలింగం గురించి చెప్పాలి. జగిత్యాల దగ్గర పల్లె. ముందు రుసైల్‌లో ఏదో గోడౌన్‌లో పనిచేసి మా క్లబ్‌కు వచ్చాడు. గ్రౌండుకు నీళ్లు పట్టడం, సున్నంతో గీతలు గీయడం, జెర్సీలు ఉతకడం అతని పని. అందరి మీదా అభిప్రాయాలు చెప్పడం అతని ఇష్టం.

నేను చెప్పబోయే కోచ్ పేరు జోరాన్. యూరప్‌లో ఏదో చిన్న దేశం, మ్యాప్‌లో వేలు పెడితే పక్క దేశం మీద పడుతుంది. మనిషి బాగా లావు, గొంతు ఇంకా లావు. అరబ్బీ ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు నాలాంటిదే. వచ్చిన మొదటి వారంలో రాజలింగం రూమ్‌లో అన్నం తిన్నాడు. అక్కడ మామిడికాయ తొక్కు రుచి చూశాడు. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, చెంచా మాత్రం వదల్లేదు. అప్పట్నుంచి రాజలింగం ఊరి నుంచి వచ్చే ప్రతి సీసాలో సగం కోచ్‌దే. ఫలితం కడుపులో మంట. తొక్కు మానమని, కాఫీ అసలే ముట్టొద్దని నేను గట్టిగా చెప్పాను. తొక్కును దాచుకుని తినేవాడు. కాఫీ మాత్రం నేను చూస్తుంటే ముట్టేవాడు కాదు, ఎందుకంటే నా చూపు అంటే భయం.

వచ్చిన రోజు నుంచి ఆయన అడిగేది ఒకటే. "డాక్, ఈ పిల్లలు నా దగ్గరకు వచ్చేసరికి సగం చచ్చిపోయి వస్తున్నారు. నాకు సాయంత్రం నాలుగింటికి కావాలి. తిని, కాస్త పడుకుని రావాలి." ఆఫీసులో అడిగాడు, డ్రైవర్‌ను అడిగాడు, ఒకసారి పెట్రోల్ బంకులో పెట్రోలు కొట్టేవాణ్ని కూడా అడిగాడు. పోలీసు వాళ్లు, ఓడరేవు వాళ్లు సరేనన్నారు, మిగతా అందరూ వదిలితే మేమూ వదులుతామని. వదలనిది మా ఉపాధ్యక్షుడు మాజిద్ ఒక్కడే. ఇటుకలు ఎండలోనే ఆరుతాయి, ఆరేటప్పుడు మనుషులు ఉండాలి అనేవాడు.

రొట్టెలవాడు, వాన

ఆ ఏడాది మేము పై డివిజన్‌కు ఎక్కాం. ఊరంతా సంబరం. ఎవరో స్పాన్సరు దొరికాడు, ఎండాకాలంలో జట్టును యూరప్ పంపుదామన్నాడు. పెద్ద పెద్ద స్టేడియాలు ఊహించుకోకండి. కొండల మధ్య ఒక పల్లె, ఆవుల మెడల్లో గంటలు, చుట్టూ పచ్చిక. అక్కడి ఊళ్ల జట్లతో స్నేహపూర్వక మ్యాచ్‌లు.

పొద్దున్నే మా హోటల్‌కు రొట్టెలు తెచ్చే మనిషి ఒకడుండేవాడు. బట్టతల, కాస్త పొట్ట. మా వాళ్లు అతనితో రోజూ సలాం, నవ్వులు. మొదటి మ్యాచ్‌కు మైదానంలోకి వెళ్తే అవతలి జట్టు ఫార్వర్డ్ అతనే. మా వాళ్లు సంతోషంగా చెయ్యి ఊపారు. అతనూ ఊపాడు. ఊపి, వెళ్లి గోల్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఇంకోటి కూడా కొట్టాడు. మర్నాడు పొద్దున యథాప్రకారం రొట్టెలు తెచ్చాడు. బదర్ ఆ రొట్టె ముట్టలేదు. ఉత్త పాలు తాగి లేచిపోయాడు.

రెండో మ్యాచ్ కథ ఇంకో రకం. ఒమన్‌కు కొత్తగా వచ్చే పిల్లలు ఒక సంగతి తెలుసుకోవాలి. మనకు వాన వస్తే గొడుగు పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తుతాం. ఇక్కడ వాన వస్తే ఇంట్లో ఉన్నవాళ్లంతా బయటకు వస్తారు. చాపలు, ఫ్లాస్కులు, పిల్లాజెల్లా కార్లలో వేసుకుని వాన పడే చోటు వెతుక్కుంటూ పోతారు. నాలుగు తుంపర్ల కోసం దేశం ఆ చివరి దాకా వెళ్లేవాళ్లున్నారు. ఇప్పుడు ఊహించండి. రెండో మ్యాచ్ మధ్యలో సన్నగా తుంపర మొదలైంది.

మా ఆటగాళ్లు ఆట ఆపేశారు. ఒకడు రెండు చేతులూ చాచి దేవుడికి షుక్రియా చెప్పుకున్నాడు. ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని ఆకాశం చూశారు. బదర్ గోల్‌పోస్టు వెనక ఉన్న సంచిలోంచి ఫోన్ తీసి నాయనమ్మకు వీడియో కాల్ చేశాడు, వాన చూపిద్దామని. ఆవిడ అక్కడ బాతినాలో ఎండకు మాడుతూ "మాషా అల్లా, మాషా అల్లా" అంటోంది. అంతలో ఆవిడ గొంతు మారిపోయింది. "ఒరేయ్, బంతి! నీ వెనక బంతి!" అని అరిచింది. బదర్ తిరిగి చూసేసరికి బంతి తాపీగా దొర్లుకుంటూ గోల్‌లోకి పోతోంది.

నేను వాళ్లను హెచ్చరించకూడదా అంటారేమో. నేనూ కడపవాణ్నే, వానకు మొహం వాచినవాణ్నే. ఆ సమయానికి బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుని ముఖం పైకెత్తి ఉన్నాను. గోల్ పడిందని చప్పట్లు విని తెలుసుకున్నాను.

మూడో మ్యాచ్ గురించి రాయను. అందులోనూ వాన ఉంది.

బస్సులో అందరూ తలలు వేలాడేసుకుని కూర్చుంటే జోరాన్ మాత్రం కిటికీలోంచి ఆవులను చూస్తూ ఈల వేశాడు. "స్నేహపూర్వక మ్యాచ్‌లు, డాక్. వీటిని ఎవడు లెక్కపెడతాడు? నాకు కావలసింది తెలిసింది. పిల్లలు అలిసిపోయి ఉన్నారు" అన్నాడు. ఎంత నిబ్బరం మనిషికి అనుకున్నాను.

ఎండలో గొడుగులు

మాకంటే ముందే ఆ వీడియో ఊరు చేరింది. నాయనమ్మ ఫోన్‌లో మనవళ్లు దాన్ని రికార్డు చేసి ఊరంతటికీ పంపారు. మేము తిరిగొచ్చిన రోజు క్లబ్ గేటు దగ్గర పిల్లకాయలు వరసగా నిలబడ్డారు. నెత్తి మాడిపోయే ఎండ, ప్రతివాడి చేతిలో విప్పిన గొడుగు. ఆటగాళ్లు ముఖాలు దాచుకుని లోపలికి పరిగెత్తారు. కోచ్ ఆ గొడుగులను మెచ్చుకోలుగా చూసి, "ఇక్కడివాళ్లు ఎండ విషయంలో చాలా జాగ్రత్త" అన్నాడు. ఇంత అవమానంలోనూ వెటకారమాడగల గుండె అని నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మాజిద్ ఊరుకోలేదు. కనపడిన ప్రతివాడి దగ్గరా అదే మాట. "యూరప్ దాకా పోయి ఊరి పరువు రొట్టెలవాడికి అప్పగించి వచ్చాడు. తీసేయాల్సిందే." ఊళ్లో సగం మంది అతనివైపే. చివరికి మా రాజలింగం కూడా.

"మంచోడే సార్, కాదన్నదెవలు? నాకైతే అన్నదమ్మునోలె ఉంటడు" అన్నాడు జెర్సీలు ఆరేస్తూ. "గని తీసెయ్యాలె. సైట్ల గోడ వంకరొస్తె మేస్త్రిని తీసేస్తరు గని ఇటుకను తియ్యరు గద?"

"సిమెంటు ఇయ్యకుండా గోడ కట్టమంటే మేస్త్రి ఏం జేస్తాడప్పా? పిల్లోళ్లను వదలమని ఎన్నిసార్లు అడిగినాడో నీకు తెల్దా?"

"ఇయ్యకపోతె పని ఒప్పుకోవద్దు సార్. ఒప్పుకున్నంక గోడ నిలవడాలె. గంతే."

"నీ తొక్కు తిన్నోడి మీద నీకింత కూడా జాలి లేదా రాజలింగం?"

"తొక్కు తొక్కే, ఆట ఆటే సార్" అని తడి జెర్సీ విదిలించాడు. నా ముఖం మీద పడ్డాయి చుక్కలు.

అతను అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. ఒప్పుకున్నాక నిలబెట్టాలి, నిజమే. అయినా కోచ్‌ను తీసేయాలా వద్దా అని నన్నెవరైనా అడిగితే, నేను స్కోరు చూడను. ప్రాక్టీస్ అయ్యాక ఆటగాళ్లు కోచ్ చుట్టూ ఎంతసేపు నిలబడతారో చూస్తాను. విజిల్ ఊదగానే కార్ల వైపు పరిగెత్తుతుంటే ఆ కోచ్ పని అయిపోయినట్టే, ఎన్ని కప్పులు గెలిచినా సరే. జోరాన్ చుట్టూ మా వాళ్లు నిద్రకళ్లతో తూలుతూ అయినా నిలబడేవాళ్లు. ఆయన లావు గొంతుతో ఏదో జోకు చెబితే భాష అర్థం కాకపోయినా నవ్వేవాళ్లు. అలాంటివాణ్ని రొట్టెలవాడి పేరు చెప్పి పంపడం దారుణం. పైగా ఆయన వెనక నేను కూడా పోతానన్న సంగతి ఉండనే ఉంది. నా అభిప్రాయంలో అది ఎంత భాగమో మీరే అనుకోండి.

శుక్రవారం సబ్లా

మా అధ్యక్షుడు షేక్ హమూద్. పెద్దాయన. వాళ్ల కుటుంబం ఎడారి లోపలి నుంచి ఈ తీరానికి వచ్చినవాళ్లు. తక్కువ మాట్లాడతాడు, మాట ఇస్తే వెనక్కి తీసుకోడు. నాకు ఫోన్ చేశాడు.

"శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత కోచ్‌ను సబ్లాకు తీసుకురా. తర్జుమా చేసే మా గుమాస్తా సెలవులో ఉన్నాడు. చెప్పాల్సింది నేను చెబుతాను, నువ్వు మెత్తగా చెప్పు."

సబ్లా అంటే ఊరి మగవాళ్లు కూర్చుని మంచీచెడూ తేల్చుకునే హాలు. నాకు సంగతి అర్థమైంది. కోచ్ ఉద్యోగం పోయిందని కోచ్‌కు నా నోటితోనే చెప్పించబోతున్నారు. అంటే నా ఉద్యోగం పోయిందని కూడా నేనే మెత్తగా చెప్పుకోవాలి. ఇంతకంటే కొంప మునిగే పని ఏ ఫిజియోకైనా పడిందా?

"శుక్రవారం షేక్ పిలుస్తున్నారు కోచ్" అన్నాను. "ఓ, మంచిది" అన్నాడు, ఈల వేసుకుంటూ. ఆ వారమంతా నేను తిండి సహించక తిరుగుతుంటే ఆయన మాత్రం హాయిగా ఉన్నాడు. శుక్రవారం నీలం చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు, అత్తరు పూసుకున్నాడు. మధ్యాహ్నం రాజలింగం కొత్త సీసా తొక్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, ముఖం తిప్పుకున్నాడు. తీసెయ్యాలని అన్నది తానే, ఏడ్చిందీ తానే. కోచ్ ఆ సీసాలో పావు వంతు అక్కడే అన్నంలో కలుపుకుని తినేశాడు.

సబ్లాకు వెళ్లే దారిలో కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఈరోజు కాఫీ చుక్క మీ నోట్లో పడిందంటే నాది జవాబుదారీ కాదు, చెబుతున్నా" అన్నాను. తల ఊపాడు.

లోపల పెద్దలంతా గోడల వెంట తివాచీ మీద కూర్చుని ఉన్నారు. సలాములయ్యాయి. ఖర్జూరాలు వచ్చాయి. తర్వాత కాఫీ. పోసేవాడు చిన్న కప్పులో కాస్త పోసి కోచ్‌కు ఇచ్చాడు. కోచ్ మర్యాదగా అందుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్లాడు. నావైపు చూశాడు. నేను కళ్లు ఉరిమాను. కప్పును తాగకుండా తన ముందు తివాచీ మీద పెట్టేశాడు.

మాజిద్ అప్పుడే నోరు తెరిచి, "ఇక ఆ యూరప్ సంగతి" అని మొదలుపెట్టబోతుంటే షేక్ చెయ్యి ఎత్తి ఆపాడు. ఆయన చూపు ఆ కప్పు మీదే ఉంది.

"కప్పు కింద పెట్టాడు" అన్నాడు మెల్లగా. "అడగడానికి వచ్చాడు."

ఎడారి తెగల పాత పద్ధతి అది. ఇంటికొచ్చిన అతిథి కాఫీ తాగకుండా ముందు పెట్టుకున్నాడంటే అతనికి ఒక కోరిక ఉన్నట్టు. అదేమిటో అడిగి, తన చేతిలో ఉన్నదైతే తీర్చకుండా ఇంటాయన అతన్ని పంపకూడదు. ఈ కాలం కుర్రాళ్లు దాన్ని మర్చిపోయారు. షేక్ హమూద్ మర్చిపోయే మనిషి కాదు.

"కాఫీ తాగమను" అన్నాడు షేక్ నాతో. "అతను దేనికోసం వచ్చాడో అది ఇచ్చాననుకోమను. ఏం కావాలో చెప్పమను."

కోచ్ నా చెవి దగ్గరకు వంగి, "డాక్, కడుపు మంట అని చెప్పు, ఏమీ అనుకోవద్దను" అన్నాడు.

ఒక్క క్షణం ఆలోచించాను. కడుపు మంట అని చెబితే అందరూ పగలబడి నవ్వుతారు, ఆ నవ్వులోనే మాజిద్ మాట మొదలుపెడతాడు, సాయంత్రానికి ఇద్దరం సామాను సర్దుకుంటాం. నేను అబద్ధం చెప్పలేదు. ఒక నిజాన్ని తర్జుమా చేయలేదు, అంతే.

"కడుపు సంగతి ఎత్తకండి" అన్నాను ఇంగ్లీషులో. "మీకేం కావాలో అడుగుతున్నారు. ఒక్కటే అడగండి. బాగా ఆలోచించి అడగండి."

ఆయన ఆలోచించనే లేదు. "పిల్లల్ని నాలుగింటికి పంపమను. తిని, పడుకుని రావాలి. అందరూ రావాలి."

ఉద్యోగం అడగవయ్యా మగడా అని లోపల మొత్తుకున్నాను. మెడ మీద కత్తి పెట్టుకుని పిల్లల నిద్ర అడుగుతాడేమిటి? ఆ నిమిషంలో నేనేం చెబితే అదే ఆయన కోరిక. జీతం పెంచమన్నాడన్నా నమ్ముతారు, ఫిజియోను జన్మంతా ఉంచమన్నాడన్నా నమ్ముతారు. కానీ ఆ మనిషి నిబ్బరం చూశాక నా నాలుక అబద్ధానికి తిరగలేదు. ఆయన అడిగింది అడిగినట్టు చెప్పాను.

షేక్ కోచ్‌ను ఎగాదిగా చూశాడు. తర్వాత, "తన కోసం ఏమీ అడగడా? అడగమను" అన్నాడు.

తర్జుమా చేశాను. కోచ్ కాస్త ఆశ్చర్యపోయి, చిరునవ్వు నవ్వి, "నాకేం, నేను బాగానే ఉన్నాను" అన్నాడు.

ఆ మాటనూ అరబ్బీలో చెప్పాను. గోడ వెంట కూర్చున్న పెద్దలు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. ఒకాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"విన్నావా?" అన్నాడు షేక్, మాజిద్ వైపు తిరిగి. "ఉద్యోగం పోయే రోజున పిల్లల కోసం అడిగాడు. నీ ఇటుకలు వాటంతటవే ఆరుతాయి. ముగ్గురినీ వదులు."

"వదులుతాను" అన్నాడు మాజిద్ గుండె మీద చెయ్యి వేసుకుని. "కానీ షేక్, మనం పిలిచింది ఇతన్ని..."

"పిల్లల్ని ఇస్తానని మాట ఇచ్చాను. ఎవరికిచ్చాను? ఇతనికే కదా. ఇతన్ని పంపేసి ఆ మాట ఎవరికి తీర్చమంటావు?"

కోరిక తీరింది కాబట్టి ఇక కాఫీ తాగి తీరాలి. కోచ్ నావైపు చూశాడు. తాగమని సైగ చేశాను. ఒక్క గుక్కలో తాగి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చాలు అనడానికి కప్పును అటూ ఇటూ ఊపాలని ఆయనకు తెలియదు. పోసేవాడు మళ్లీ పోశాడు, మళ్లీ తాగాడు, మళ్లీ పోశాడు. చివరికి నేనే ఆయన మణికట్టు పట్టుకుని ఊపేశాను.

బయటకొచ్చి కారెక్కాం. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకో చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాను. ఇలాంటి మనిషి కింద పనిచేశానని మనవళ్లకు చెప్పుకోవాలి అనుకుంటున్నాను. కోచ్ కడుపు రుద్దుకుంటూ కాసేపు సముద్రం వైపు చూశాడు.

"డాక్, ఒక సంగతి అర్థం కాలేదు" అన్నాడు. "పిలిచారు, ఖర్జూరాలు పెట్టారు, నాకేం కావాలో అడిగి ఇచ్చారు. చాలా మంచివాళ్లు. కానీ మనల్ని ఎందుకు పిలిచారో మాత్రం చెప్పనేలేదు?"

కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను.

"మీకు తెలియదా?"

"ఏమిటి?" అన్నాడు. ఆ ముఖంలో పసిపిల్లాడి అమాయకత్వం తప్ప ఇంకేమీ లేదు. అంతలో ఏదో తట్టినట్టు ముఖం వెలిగింది. "వచ్చే ఏడు మళ్లీ యూరప్ పంపుదామనా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వారమంతా నేను గౌరవించిన ఆ నిబ్బరం, సబ్లాలో పెద్దమనుషులను ఏడిపించిన ఆ త్యాగం, అన్నీ ఆయనకు ఏమీ తెలియకపోవడమే. తెలిసి ఉంటే ముందు తన ఉద్యోగమే అడిగేవాడు. ఆయన చోట నేనుంటే నేనూ అదే అడిగేవాణ్ని. మా ఇద్దరి ఉద్యోగాలూ ఉండేవి, పిల్లలు మాత్రం ఆ ఏడంతా ఇటుకల దగ్గరే ఉండేవాళ్లు.

"ఊరికే పిలిచారు కోచ్, కాఫీకి" అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపి సీటు వెనక్కి వాల్చుకున్నాడు. అసలు సంగతి నేను ఆయనకూ చెప్పలేదు, షేక్‌కూ చెప్పలేదు. మర్నాడు నాలుగు కాకముందే పిల్లలు వచ్చారు. మాజిద్ ఫ్యాక్టరీ ముగ్గురూ అందరికంటే ముందు వచ్చి, గ్రౌండు గేటు ఇంకా తెరవలేదని రాజలింగం మీద అరిచారు.